భూముల టోకు బేరములు - అగ్రిమెంటు వ్రాయించు విధము

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ తరగతిలో ఇంటిపన్నును గూర్చియు, మంచినీటి పథకములను గూర్చియు ఇతరులు చెప్పియున్నారు. నాకు నిర్ణయించిన విషయము భూముల క్రయవిక్రయము. ఇది పంచాయతీ పని కాదు గదా యని మీలో కొందరికి తోచవచ్చును. అమ్మువాడు రైతు, కొనువాడు మరియొకడు, దస్తావేజు రిజిస్టరగునది సబ్ రిజిస్ట్రారు కార్యాలయమున. ఇందులో పంచాయతీకి చోటెక్కడ? కాని బేరము కుదురునది మీ రచ్చబండ మీదనే. సాక్షి సంతకమునకు ముందుగా పిలుచునది మిమ్ములనే. బేరము చెడినప్పుడు తగవు తీర్చుమని తెల్లవారుజామున తలుపు తట్టునదియు మీ యింటి తలుపే. కావున ఆ కాగితములో ఏమి యుండవలెనో, ఏమి యుండరాదో మీకు తెలిసియుండుట అవసరము.

ఊరి ప్రక్కగా పెద్ద రోడ్డు పడినను, కళాశాలయో కర్మాగారమో వచ్చునని వార్త పుట్టినను, ముందుగా వచ్చువారు ఇల్లు కట్టుకొన దలచినవారు కారు. భూమిని మొత్తముగా మాటలాడుకొని, లాభమునకు మరియొకరికి మార్చువారు వచ్చుదురు. దీనినే టోకు బేరమని నేననుచున్నాను. మామిడితోటను పూతమీదనే గుత్తకు తీసికొనుట మనకు క్రొత్త కాదు. గుత్తదారు రైతుకు కొంత సొమ్ము ముందిచ్చి, కాయను పట్టణమునకు చేర్చి అమ్ముకొనును. భూమి విషయమునను జరుగుచున్నది ఇటువంటిదే. అయితే ఒక భేదము కలదు. కాయ కోయుటతో గుత్త తీరును, చెట్టు రైతుకే మిగులును. భూమి అగ్రిమెంటు అట్లు కాదు. ఆ కాగితము నెరవేరువరకో, రద్దగువరకో భూమి రైతు చేతిలో నుండియు లేనట్లే. దానిని ఇతరులకు అమ్ముటకు వీలుపడదు, తాకట్టు పెట్టుటకును చిక్కే.

ఒక లెక్క చెప్పెదను. ఒక రైతుకు నాలుగు ఎకరములున్నవనుకొందము. ఎకరము 30 లక్షల చొప్పున మొత్తము ధర 1,20,00,000 రూపాయలు. నడిమివాడు 5 లక్షలు బయానా ఇచ్చి ఆరు నెలల గడువుతో అగ్రిమెంటు వ్రాయించుకొనెను. నాలుగవ నెలలో ఎకరము 36 లక్షలకు కొనువారిని తెచ్చెను. మొత్తము 1,44,00,000. రైతుకు రావలసినది పోగా నడిమివానికి 24 లక్షలు మిగిలెను.

ఇది వినగానే "అయిదు లక్షలు పెట్టి యిరువది నాలుగు లక్షలు తినెను" అని ఊరంతయు కోపగించును. ఆ కోపము నాకు పూర్తిగా సమ్మతము కాదు. కొనువారు దొరకకపోయిన ఆ 5 లక్షలు పోగొట్టుకొనుటకు అతడు సిద్ధపడెను. కొనువారిని వెదకినది అతడే. రైతు కోరిన ధర రైతుకు ముట్టినది. ఇందులో మోసము లేదు. అయితే ఇదే బేరములో కాగితము తీరు మారిన, నష్టమంతయు రైతు మీదనో, చివర కొన్నవాని మీదనో పడును. అది యెట్లో చూతము.

మొదట తెలిసికొనవలసినది, అగ్రిమెంటు వలన భూమి చేతులు మారదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 54వ సెక్షనులో ఈ మాట స్పష్టముగా నున్నది. అమ్మకపు ఒప్పందము తనంతట తాను ఆస్తిపై ఎట్టి హక్కును కల్పింపదు. అమ్మెదనను వాగ్దానము మాత్రమే. హక్కు కలుగునది రిజిస్టరైన విక్రయ దస్తావేజు వలన. కాగా నడిమివాని చేతిలో నున్నది భూమి కాదు, రైతు యొక్క మాట. అతడు ఇతరులకు అమ్మగలిగినదియు ఆ మాటను మాత్రమే. తన దగ్గర అగ్రిమెంటు మాత్రమే యుండగా "నా భూమి" యని చెప్పి గజముల లెక్కన సొమ్ము వసూలు చేసిన, అది అసత్యము చెప్పి సొమ్ము తీసికొనుటే యగును.

జనరల్ పవరాఫ్ అటార్నీ సంగతియు ఇట్టిదే. "రిజిస్ట్రేషను ఖర్చెందుకు, జి.పి.ఎ. ఇచ్చి పుచ్చుకొందము" అను మాట మీరు వినియుందురు. అగ్రిమెంటు, జి.పి.ఎ., వీలునామా మూడును కలిపి వ్రాసికొనినను భూమిపై యాజమాన్యము సంక్రమింపదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ వ్యాజ్యమున తీర్పు చెప్పినది. జి.పి.ఎ. పుచ్చుకొన్నవాడు యజమాని కాదు, యజమాని తరఫున పనిచేయువాడు. రైతులు దానిపై సంతకము చేయునప్పుడు "ఇది ఆఫీసు పనులకు" అని చెప్పుదురు. ఏ యే పనులకో చదివింపక సంతకము చేయనీయకుడు. అమ్ముటకును, తాకట్టు పెట్టుటకును, సొమ్ము పుచ్చుకొనుటకును అధికారము అందులో చేరియుండుట తరచు.

ఇక బేరమును ఏ రూపమున కుదుర్చుకొనవలెను? మిక్కిలి శుభ్రమైనది, నడిమివాడు తన పేర రిజిస్టరు చేయించుకొని, తరువాత తాను అమ్ముకొనుట. దీనిలో స్టాంపు ఖర్చు రెండుమారులు పడును గనుక వారికి రుచింపదు. మరియొకటి, నడిమివాడు కేవలము కమీషనుదారుగా నుండుట. కొనువారిని తెచ్చినందుకు నూటికింత యని మాటలాడుకొందురు, అసలు ధర రైతుకు తెలిసియుండును. మూడవది అగ్రిమెంటును మార్చుట. మన గ్రామములలో జరుగుచున్న బేరములలో అధిక భాగమిదే, తగవులును ఎక్కువగా దీనిలోనే. కావున దీనిపై కొంత నిలిచి చెప్పెదను.

నిర్దిష్ట పరిహార చట్టము, 1963, 15వ సెక్షను ప్రకారము అగ్రిమెంటు పుచ్చుకొన్నవాడు తన హక్కును మరియొకరికి బదలాయింపవచ్చును. ఒప్పందములో "బదలాయింపరాదు" అని వ్రాసికొనియున్నచో వీలులేదు. అనగా రైతు మౌనముగా నుండిన, చట్టము నడిమివానికే అనుకూలము. అగ్రిమెంటులో "మీకు గాని, మీరు చెప్పిన వారికి గాని రిజిస్టరు చేసి యిత్తును" అను వాక్యము చిన్న అక్షరములతో నుండును. రైతుకు అది పెద్దగా తోచదు. ఆరు నెలల పిమ్మట ఎన్నడును చూడని యిరువది మంది వచ్చి ముక్కలు ముక్కలుగా రిజిస్టరు చేయుమందురు. ఆ యిరువది మందిలో నలుగురు సొమ్ము బాకీపడిన, రైతు ఎవరిని అడుగవలెను?

దీనికి నేను చూచిన మంచి ఉపాయము ముగ్గురును కలిసి వ్రాసికొను పత్రము. రైతు మొదటి పక్షము, అగ్రిమెంటుదారు రెండవ పక్షము, తుదకు కొనువాడు మూడవ పక్షము. రైతుకు రావలసిన ధర యింత, ఇదివరకు ముట్టినది యింత, మిగిలినది రిజిస్ట్రేషను నాడు మూడవ పక్షము బ్యాంకు ద్వారా రైతు ఖాతాకు నేరుగా చెల్లించును. రెండవ పక్షమునకు ముట్టవలసిన వ్యత్యాసమింత, దానిని మూడవ పక్షమే చెల్లించును. పిమ్మట రైతు మూడవ పక్షమునకు తిన్నగా రిజిస్టరు చేయును. నడిమివాని లాభము బయటపడును గనుక అతడు మొదట ఒప్పుకొనడు. కాని దాచిన లాభమే తరువాత తగవునకు మూలము. రైతు కుమారుడు పట్టణములో ఎవరి నోటనో 36 లక్షల మాట విని వచ్చి సంతకము చేయనని భీష్మించుట వినుచునే యున్నాము. ముందుగా తెలిసి ఒప్పుకొన్నవాడు అట్లు చేయడు.

అగ్రిమెంటులో గడువును గూర్చి గట్టిగా చెప్పవలసియున్నది. "వీలునుబట్టి", "సర్వే అయిన పిమ్మట", "లేఅవుటు మంజూరైన పిమ్మట" అను మాటలు గడువు కావు. తేదీ వ్రాసిన, ఆ తేదీ మొదలు మూడు సంవత్సరములలో దావా వేయవలెనని 1963 నాటి కాలపరిమితి చట్టము చెప్పుచున్నది. తేదీ లేకున్నచో, రిజిస్టరు చేయనని రైతు నిరాకరించిన సంగతి తెలిసిన నాటినుండి ఆ మూడేండ్లు లెక్కకు వచ్చును. అనగా తేదీలేని కాగితము ఎన్ని యేండ్లైనను రైతు మెడకు వ్రేలాడుచుండవచ్చును. భూమి ధర పెరుగువరకు మాటలాడక యుండి, పెరిగిన తరువాత పాత ధరకు దావా వేయువారున్నారు. తేదీ ఒక్కటి వ్రాసినను చాలదు. స్థిరాస్తి ఒప్పందములలో గడువు దాటగానే బేరము పోవునని న్యాయస్థానములు సామాన్యముగా తలంపవు. కావున "గడువే యీ ఒప్పందమునకు ప్రాణము, ఆ తేదీకి సొమ్ము చెల్లింపనిచో ఒప్పందము రద్దగును" అని తెలుగులో, తెలియునట్లు, వ్రాయించవలెను.

2018లో నిర్దిష్ట పరిహార చట్టమును సవరించిరి. అంతకుముందు అగ్రిమెంటును అమలుపరచవలెనా, నష్టపరిహారముతో సరిపెట్టవలెనా అనునది న్యాయమూర్తి విచక్షణపై కొంత ఆధారపడియుండెడిది. సవరణము తరువాత, కొనువాడు తన సొమ్ముతో సిద్ధముగా నున్నట్లు రుజువైన, అమలుపరచుటే సామాన్య నియమమైనది. కాబట్టి "అగ్రిమెంటే గదా, తరువాత చూచుకొందము" అను ధోరణి ఇప్పుడు మునుపటికంటెను ప్రమాదకరము.

బయానా వేరు, ధరలో భాగముగా చెల్లించు సొమ్ము వేరు. కొనువాడు మాట తప్పిన, ముందుగా వ్రాసికొన్న తగుమాత్రపు బయానాను రైతు అట్టే యుంచుకొనవచ్చును. ఆపై వాయిదాలుగా పుచ్చుకొన్న దానినంతయు మ్రింగజాలడు. ఈ రెంటిని కాగితములో విడదీసి వ్రాయింపుడు. కోటి యిరువది లక్షల భూమికి ఏబది వేలు బయానా పుచ్చుకొని ఏడాది గడువిచ్చు రైతును చూచిన నాకు జాలి కలుగును. అంత సొమ్మునకు అతడు తన భూమి ధర ఏడాదిపాటు పెరుగక యుండుటకు ఒప్పుకొన్నట్లే యగుచున్నది. గడువు దీర్ఘమైనకొలది బయానా పెరుగవలెను. పొడిగింపు కోరిన, దానికి వేరుగా సొమ్ము, వేరుగా సంతకము ఉండవలెను.

స్వాధీనమును పూర్తి సొమ్ము ముట్టిన పిమ్మటనే ఇయ్యవలెను. "రాళ్లు పాతుకొందుము, రోడ్డు చదును చేసికొందుము" అని వచ్చి గట్లు త్రవ్వివేయుదురు. బేరము చెడిన, ఆ భూమి పొలముగాను మిగులదు, స్థలముగాను మిగులదు. మరియు స్వాధీనమిచ్చినట్లు అగ్రిమెంటులో వ్రాసిన, దానికి విక్రయ దస్తావేజునకు వలెనే స్టాంపు సుంకము పడును. కౌలుదారు వేసిన పైరున్నచో దానిని ఎవరు కోసికొందురో అదియు వ్రాయవలెను. ఊరిలో కొట్లాటలు ఎక్కువగా ఇక్కడనే పుట్టుచున్నవి.

అగ్రిమెంటును తెల్లకాగితముపైనను, నోటరీ ముద్రతోను సరిపెట్టుట వాడుకయైనది. మన రాష్ట్రమున 1999లో రిజిస్ట్రేషను చట్టమును సవరించి, అమ్మకపు అగ్రిమెంటును కూడ రిజిస్టరు కావలసిన పత్రములలో చేర్చిరి. రిజిస్టరైన అగ్రిమెంటు ఇ.సి.లో కనబడును, ఒకే భూమిని ఇద్దరికి వ్రాసి యిచ్చుట తగ్గును. అయితే బేరము రద్దయినప్పుడు రద్దు దస్తావేజును కూడ రిజిస్టరు చేయించుకొనవలెను. లేనిచో ఆ పాత అగ్రిమెంటు ఇ.సి.లో నిలిచిపోయి, తరువాత కొనువాడు వెనుకాడును.

సొమ్ము సంగతి. 2015 జూను 1 నుండి స్థిరాస్తి బేరములో 20,000 రూపాయలు గాని, అంతకు మించిన మొత్తము గాని నగదుగా బయానా పుచ్చుకొనుటను ఆదాయపుపన్ను చట్టము సామాన్యముగా నిషేధించుచున్నది. పుచ్చుకొన్నవానికే, పుచ్చుకొన్న మొత్తమంత జరిమానా పడవచ్చును. అనగా సంచిలో నగదు తెచ్చినవాడు కాక, దానిని లెక్కపెట్టుకొన్న రైతు చిక్కుకొనును. ఒక ధర కాగితములో, మరియొక ధర నోటిమాటలో ఉన్నచో, న్యాయస్థానమునకు పోయినప్పుడు కాగితములోని ధరయే నిలుచును. రిజిస్ట్రేషనుల మీద వచ్చు బదిలీ సుంకములో స్థానిక సంస్థలకు భాగమున్నదని మీకు తెలియును గదా. తక్కువ ధర వ్రాసినప్పుడు పంచాయతీ నిధియు తగ్గును.

అసలీ భూమి అమ్ముటకు వీలైనదేనా అని చూచుట అన్నిటికంటె ముందు జరుగవలసిన పని. ప్రభుత్వము భూమిలేని పేదలకిచ్చిన అసైన్డు భూముల బదిలీని 1977 నాటి చట్టము నిషేధించినది. 2023లో ఆంధ్రప్రదేశమున ఆ చట్టమును సవరించి, ఇరువది యేండ్లు దాటిన మూల అసైనీలకు కొన్ని హక్కులు కల్పించిరి. 2024లో వానిపై పునఃపరిశీలన మొదలైనది. కావున డి.కె.టి. పట్టా విషయమున ఎవరి నోటిమాటయు నమ్మక తహశీల్దారు వద్ద వ్రాతమూలకముగా తెలిసికొనవలెను. ఏజెన్సీ ప్రాంతములలో 1959 నాటి భూబదిలీ నిబంధన, దానిని గట్టిపరచిన 1970 నాటి ఒకటవ నిబంధన అమలులోనున్నవి. అక్కడ గిరిజనేతరులకు చేయు బదిలీ చెల్లదు. అగ్రిమెంటు, జి.పి.ఎ., బినామీ పేరు, ఏ దారిన పోయినను చెల్లదు.

పిత్రార్జితమైనచో కుమార్తెల సంగతి మరువరాదు. మన రాష్ట్రమున 1985 సెప్టెంబరు 5 నాటినుండి అమలునకు వచ్చిన సవరణము వలన, ఆనాటికి పెండ్లికాని హిందూ కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో కుమారులతో సమాన హక్కు కలిగినది. 2005లో దేశమంతటికిని వర్తించిన సవరణము పెండ్లియైనవారికిని ఆ హక్కు కల్పించినది. "ఆడపిల్లలకు కట్నమిచ్చి పంపితిమి" అను సమాధానము న్యాయస్థానమున నిలువదు. పట్టాదారు పాసుపుస్తకములో తండ్రి పేరో, అన్న పేరో యుండవచ్చును. అమ్మువేళ అక్కచెల్లెండ్ర సంతకములు కావలెను. ఊరిలో ఎవరికి ఎందరు ఆడపడుచులో సబ్ రిజిస్ట్రారుకు తెలియదు, మీకు తెలియును.

ఇప్పుడు చివర కొనువారిని గూర్చి. ఎకరము 30 లక్షలకు కొని గజము 2,500కు అమ్ముచున్నారని విని, ఎకరమునకు 4,840 గజములు గనుక కోటి యిరువదియొక్క లక్షలు వచ్చునని ఊరివారు గుణించెదరు. రోడ్లును, నూటికి పదివంతుల బహిరంగ స్థలమును పోగా 2,800 గజములు మిగిలినవనుకొనుడు. వచ్చునది 70 లక్షలు. దానిలో మురుగుకాలువలు, విద్యుత్ స్తంభములు, మంజూరు రుసుములు పోవలెను. ఈ లెక్క మీకెందుకనగా, లాభము సన్నగిల్లినప్పుడు నడిమివాడు మొదట కోతపెట్టునది ఆ బహిరంగ స్థలమునకు, ఆ రోడ్డు వెడల్పునకు. ఆ రెండును పంచాయతీకి చెందవలసినవి. ప్లాటులు అమ్ముడైన తరువాత "పార్కు" అని పటములో చూపిన చోటు మరియొక దస్తావేజుతో అమ్మకమగుట కలదు. రోడ్లును, బహిరంగ స్థలమును పంచాయతీ పేర రిజిస్టరు దస్తావేజు ద్వారా దఖలు పరచిరా లేదా యని మీ సమావేశములో అడిగి మినిట్సులో వ్రాయింపుడు.

500 చదరపు మీటరులకు, అనగా సుమారు 598 గజములకు మించిన స్థలమును ప్లాటులుగా విభజించి అమ్మువారు 2016 నాటి రెరా చట్టము క్రింద నమోదు కావలెను. అట్టి ప్లాటులను అమ్మించు దళారులును నమోదు కావలెను. రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండ ధరలో నూటికి పదివంతులకు మించి పుచ్చుకొనరాదు. మీ ఊరిలో రంగుల బోర్డు పాతినవానిని రెరా సంఖ్య అడుగుట వార్డు సభ్యునికి కూడ సాధ్యమైన పని. సంఖ్య చూపలేనివాడు సాధారణముగా చాల మాటలు చెప్పును.

కొంచెము కష్టమైన మాట యొకటి. కొన్నిచోట్ల నడిమివాడు వేరెవరో కాదు, పంచాయతీ సభ్యుడే. ఊరిలో పలుకుబడి యున్నవానిని బేరగాండ్రు ముందుగా వెదకుకొందురు. సభ్యుడు భూమి బేరము చేయరాదని నేననను. కాని తాను లాభము పొందు లేఅవుటు పంచాయతీ ముందునకు వచ్చినప్పుడు ఆ సంగతి చెప్పి, ఆ చర్చనుండి లేచిపోవలెను. తాను కమీషను పుచ్చుకొన్న అగ్రిమెంటుపై "పెద్దమనిషి" గా సాక్షి సంతకము చేయరాదు. సాక్షి యనగా ఇరుపక్షములకు సమానుడు.

సాక్షి సంతకమునకు మిమ్ము పిలిచినప్పుడు కాగితమును పైకి చదువుమనుడు. రైతు ఇంటివారు, ముఖ్యముగా అతని భార్య, వినుచుండగా చదువుమనుడు. ఖాళీలు విడిచిన స్టాంపు కాగితముపై సంతకము వలదు. సొమ్ము మీ యెదుట చేతులు మారకున్నచో "మా యెదుట ముట్టినది" అను వాక్యమును కొట్టివేయింపుడు. అగ్రిమెంటు నకలు ఒకటి రైతు ఇంట ఉండవలెను. మొదటి ప్రతిని బేరగాని సంచిలో పంపివేసి, ఆ పిమ్మట గడువెంతో బేరగానినే అడుగుచుండు రైతులు ఎందరో గలరు.

భోజనానంతరము పాత అగ్రిమెంటు నొకదానిని, పేర్లను సర్వే నంబర్లను కొట్టివేసి, మీకు పంచి యిత్తుము. నాలుగు పుటలున్నవి. అందులో గడువు ఎక్కడ నున్నదో, "మీరు చెప్పిన వారికి" అను మాట ఎన్నిమారులు వచ్చినదో గుర్తుపెట్టి తీసికొనిరండు. అక్కడినుండి మీ ప్రశ్నలు ప్రారంభింతము.